స్కూల్ స్టేజీ మీద మా అబ్బాయి నా యాసను మిమిక్రీ చేశాడు, హాలంతా నవ్వింది. వాడితో ఏం మాట్లాడాలి?

ఒంగోలు_నాన్న (ప్రశ్న)

అందరికీ నమస్కారం. పది రోజులుగా ఎవరికీ చెప్పుకోలేక ఇక్కడ రాస్తున్నాను. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మేం ఉండేది నార్త్ కరోలినాలో, చార్లెట్ పక్కన. నేను 2009లో వచ్చాను. అబ్బాయికి పన్నెండేళ్ళు, సెవెన్త్ గ్రేడ్. వాళ్ళ స్కూల్లో టాలెంట్ షో పెడితే వీడు స్టాండప్ కామెడీకి పేరిచ్చాడు. ఏం చేస్తావురా అంటే సర్‌ప్రైజ్ అన్నాడు. నేను రెండో వరసలో కూర్చుని ఫోన్ పైకెత్తి పట్టుకుని వీడియో తీస్తున్నాను, ఇండియాలో ఉన్న అమ్మకి పంపుదామని.

వాడు చేసింది, నాన్న కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయడం. తల అటూ ఇటూ ఊపుతూ, కళ్ళు పెద్దవి చేసి "హలో మై ఫ్రెండ్" అని మొదలుపెట్టాడు. ఇంటర్నెట్ బిల్లులో ఐదు డాలర్లు తగ్గించమని బేరం, మధ్యమధ్యలో "వెరీ వెరీ గుడ్", అవతలివాళ్ళు అర్థం కాలేదంటే ఇంకా గట్టిగా అదే మాట. నాలుగు నిమిషాలు. పిల్లలు పడీ పడీ నవ్వారు. ప్రిన్సిపల్ నవ్వారు. నా పక్కన కూర్చున్న ఒకాయన నా భుజం తట్టి, భలే చేశాడు మీవాడు అన్నాడు. మనవాళ్ళు కూడా నాలుగైదు కుటుంబాలు ఉన్నారు, వాళ్ళూ నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వకపోతే ఏమనుకుంటారో అని. ఆ వీడియో ఇప్పటికీ ఫోన్‌లో ఉంది, అమ్మకి పంపలేదు.

ఇంటికొచ్చాక వాడు చాలా సంతోషంగా ఉన్నాడు, ఎలా చేశాను నాన్నా అని అడిగాడు. బాగా చేశావు అన్నాను. అంతకుమించి మాట రాలేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఏంటంటే, అది నా యాస కానే కాదు. నేను ఎవరినీ "మై ఫ్రెండ్" అనను. నా ఇంగ్లీషుకి తెలుగు వాసన ఉంది, కాదనను. ఎమ్‌ని యమ్ అంటాను, ఎన్‌ని యన్ అంటాను, జీరోలో మొదటి అక్షరం పదహారేళ్ళైనా నా నోట సరిగ్గా పలకదు. వాడు అవి పట్టుకుని చేసి ఉంటే బహుశా నిజంగానే నవ్వేవాణ్ణి, వీడు నన్ను ఇంత గమనిస్తున్నాడా అని. కానీ వాడు చేసింది ఎవరో ఊరూ పేరూ లేని ఇండియన్‌ని. మా ఇంట్లో పుట్టి, రోజూ నా గొంతు వింటూ పెరిగినవాడికి నా గొంతు కాకుండా వేరే గొంతు ఎలా గుర్తొచ్చింది?

ఇంకోటి కూడా చెప్పాలి. మర్నాడు ఆఫీసులో నేను చెప్పాల్సిన ప్రజెంటేషన్ మా టీమ్‌లో ఇంకో కుర్రాడికి ఇచ్చేశాను, గొంతు బాలేదని చెప్పి. గొంతు బానే ఉంది. మీటింగ్ అంతా మ్యూట్‌లో కూర్చున్నాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అలా చేయలేదు.

మా ఆవిడ వదిలేయమంటోంది, చిన్నపిల్లాడు, సరదాకి చేశాడు, నువ్వు మాట్లాడితే వాడు మళ్ళీ స్టేజీ ఎక్కడు అంటోంది. అదీ నిజమే అనిపిస్తుంది. మీరైతే ఏం చేస్తారు?

పాత_మెంఫిస్

ఒంగోలు తమ్ముడూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. నేను 1993లో వచ్చాను. మొదటి రెండేళ్ళు మెంఫిస్‌లో మా బావగారి గ్యాస్ స్టేషన్‌లో కౌంటర్ దగ్గర ఉన్నాను. కుర్రాళ్ళు బీరు కొనుక్కుని వెళ్తూ తలుపు దగ్గర ఆగి, వింత గొంతుతో "థ్యాంక్యూ, కమ్ అగైన్" అని అరిచి వెళ్ళేవాళ్ళు. అది ఇక్కడి మర్యాద కాబోలు అనుకుని నేనూ థ్యాంక్యూ చెప్పేవాణ్ణి. రెండు మూడు నెలల తర్వాత బావగారు చెప్పారు, అది మర్యాద కాదు, టీవీలో ఒక బొమ్మ అనే మాట అని. ఆయనకి ముందు నుంచే తెలుసు, నాకు చెప్పడానికి మనసొప్పలేదట.

ఆ బొమ్మ పేరు అపూ. సింప్సన్స్ అనే కార్టూన్‌లో 1990లో వచ్చాడు, కిరాణా కొట్టు నడిపేవాడు. ఇంటిపేరు కూడా నోరు తిరగనిది పెట్టారు. గొంతు ఇచ్చింది హ్యాంక్ అజారియా అనే తెల్లజాతి నటుడు. ఆ రోజుల్లో అమెరికా టీవీలో వారం వారం కనిపించే మనిషి మనలాంటివాడు ఇంకొకడు దాదాపు లేడు, అందుకని ఆ ఒక్క గొంతే మనందరి గొంతు అయిపోయింది. డాక్టర్ అయినా అదే, ఇంజనీర్ అయినా అదే, కొట్టులో నిలబడ్డ నాలాంటివాడైనా అదే.

మన తెలుగు కుటుంబంలో పుట్టి న్యూయార్క్‌లో పెరిగిన కమెడియన్ హరి కొండబోలు దీని మీద 2017లో డాక్యుమెంటరీ తీశాడు. అంతకుముందు 2012లోనే ఒక టీవీ షోలో ఒక మాట అన్నాడు, నేను మర్చిపోలేను. ఒక తెల్లవాడు మా నాన్నను వెక్కిరిస్తుంటే, ఆ వెక్కిరింతను ఇంకో తెల్లవాడు మిమిక్రీ చేసినట్టు ఉంటుంది ఆ గొంతు అని. చూశారా, అతను కూడా "మా నాన్న" అనే అన్నాడు. మీ బాధ, అతని బాధ ఒకటే, కాకపోతే మీరు నాన్న వైపు నుంచి చూస్తున్నారు, అతను కొడుకు వైపు నుంచి చూశాడు. అజారియా ఆ డాక్యుమెంటరీలో మాట్లాడటానికి ఒప్పుకోలేదు, కానీ తర్వాత చాలా ఆలోచించి 2020లో ఆ గొంతు మానేశానని ప్రకటించాడు, 2021లో క్షమాపణ కూడా చెప్పాడు. ముప్ఫై ఏళ్ళు పట్టింది.

అందుకని నేనైతే మాట్లాడతాను. తిట్టొద్దు. ఆ గొంతు ఎక్కడ నుంచి వచ్చిందో మాత్రం చెప్పండి. నాకు మా బావగారు మొదటి రోజే చెప్పి ఉంటే బాగుండేది అనిపిస్తుంది ఇప్పటికీ.

లీడ్స్_శేఖర్

నేను కొంచెం వేరేగా చెప్తాను, ఏమీ అనుకోకండి.

మేం ఇంగ్లండ్‌లో ఉంటాం, ఇరవై రెండేళ్ళయింది. ఇక్కడ 1998లో బీబీసీలో గుడ్‌నెస్ గ్రేషియస్ మీ అని కామెడీ షో వచ్చింది. రాసింది, చేసింది చాలావరకు ఆసియా కుటుంబాల పిల్లలే. అమ్మానాన్నల యాసలూ చాదస్తాలూ పిసినారితనాలూ అన్నీ చేసేవాళ్ళు, మనవాళ్ళే ఇళ్ళలో కూర్చుని చూసేవాళ్ళు. అందులో ఒకటుంది, ఇండియన్ కుర్రాళ్ళు తాగేసి ఇంగ్లీషు హోటల్‌కి వెళ్ళి, మెనూలో అన్నిటికన్నా చప్పగా ఉండేది ఏదో అదే పెట్టమని గోల చేస్తారు, వెయిటర్ పేరు పలకలేక నానా తిప్పలు పడతారు. శుక్రవారం రాత్రుళ్ళు ఇక్కడి ఇండియన్ రెస్టారెంట్లలో మనవాళ్ళు పడేదంతా అద్దంలో తిప్పి చూపించారు. అది చూశాక మా ఆఫీసులో ఒకాయన నా పేరు సరిగ్గా పలకడం నేర్చుకున్నాడు, నిజంగా.

నేను చెప్పేది ఏంటంటే, మీవాడిలో ఆ పదును ఉంది. పన్నెండేళ్ళకి స్టేజీ మీద నాలుగు నిమిషాలు హాలును నవ్వించడం చిన్న విషయం కాదు. ఇప్పుడు రేసిజం, చరిత్ర అని పెద్ద మాటలు వేసి మీద పెడితే వాడు తప్పు చేశానని ముడుచుకుపోతాడు. యాస చేయడమే తప్పని కాదు కదా, ఎవరి కోసం చేస్తున్నాం, ఎవరి వైపు నిలబడి చేస్తున్నాం అనేది తేడా. అది వాడికి పదిహేను, పదహారేళ్ళకి దానంతటదే తెలుస్తుంది. నేనైతే అప్పటిదాకా ఆగుతాను.

ఓరుగల్లు_ఆడబిడ్డ

శేఖర్ అన్నా, దానంతటదే తెలుస్తుంది అన్నారు చూడండి, నాకు అక్కడే నమ్మకం లేదు. నా సంగతి చెప్తా.

మాది వరంగల్ దగ్గర పల్లె. 2004లో డిగ్రీ అయినంక హైదరాబాద్‌లో అమీర్‌పేట హాస్టల్‌లో చేరిన, కోర్సు నేర్చుకునేందుకు. రూమ్‌లో ఐదుగురం, నలుగురు కృష్ణా, గుంటూరు వైపు వాళ్ళు. మంచి పిల్లలే, నాకు జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్నారు. కానీ నేను "పోతున్న", "గట్లనే", "ఏమైతది" అంటే నవ్వేవాళ్ళు. సినిమాలో పనిమనిషిలా మాట్లాడుతున్నావే అనేవాళ్ళు. వాళ్ళ తప్పు కూడా కాదు, వాళ్ళు మా మాట విన్నది సినిమాలోనే. మన సినిమాల్లో దశాబ్దాల పాటు హీరో మాట్లాడేది ఒక తెలుగు, రౌడీకీ కమెడియన్‌కీ పనిమనిషికీ ఇచ్చింది మా తెలుగు. మా నాయన జొన్న చేను దగ్గర మాట్లాడే మాట, మా అమ్మమ్మ కథ చెప్పే మాట తెర మీద వినబడితే హాలంతా నవ్వేది. మేమూ ఆ హాల్లోనే కూర్చుని నవ్వేవాళ్ళం. తెలంగాణ ఉద్యమంలో నీళ్ళు, ఉద్యోగాలతో పాటు ఈ మాట కూడా ఎందుకు అంత గట్టిగా వినబడిందో బయటివాళ్ళకి అర్థం కాకపోవచ్చు, నాకు మాత్రం అమీర్‌పేటలోనే అర్థమైంది.

ఆరు నెలల్లో నేను మాట మార్చుకున్న. దసరాకి ఇంటికి పోతే మా అమ్మ అన్నది, "ఏందే బిడ్డా, ఎవలింట్లనో పుట్టినట్టు మాట్లాడుతున్నవ్?" అని. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటది. తర్వాత అట్లాంటా వచ్చి ఇంగ్లీషు కోసం మళ్ళీ మార్చుకున్న. అంటే రెండుసార్లు నా నోరు నేనే కడుక్కున్న. ఎవరూ బలవంతం చేయలేదు, నవ్వు ఒక్కటే చాలింది.

ఇప్పుడు సినిమాల్లో హీరోలే మా మాట మాట్లాడుతున్నారు, సంతోషమే. కానీ నా మాట నాకు పూర్తిగా తిరిగి రాలేదు. ఇక్కడ రాస్తుంటే కూడా చూడండి, సగం అటు సగం ఇటు ఉంటది.

అందుకే ఒంగోలు అన్నా, మీరు ప్రజెంటేషన్ వేరేవాళ్ళకి ఇచ్చేశానని రాశారు కదా, నాకు అన్నిటికన్నా అదే భయం వేసింది. పిల్లాడి సంగతి తర్వాత, ముందు మీరు మీ మాట వదులుకోకండి. ఇంకొక్క మాట. ఇంట్లో మనం చైనావాళ్ళ యాసో, నల్లజాతివాళ్ళ యాసో చేసి నవ్వుతామా అని కూడా చూసుకోవాలి. హైదరాబాద్ టోలీచౌకీలో ఉండే ఆఫ్రికా విద్యార్థులని మనవాళ్ళు పిలిచే పిలుపులు నేను చెవులారా విన్న. పిల్లలు మన నవ్వులనే నేర్చుకుంటరు.

కాన్సస్_అమ్మాయి

నమస్కారం అంకుల్. నేను ఇక్కడే పుట్టాను, తెలుగు మనబడిలో నేర్చుకున్నాను, తప్పులుంటే సర్దుకోండి. మీ అబ్బాయి వైపు నుంచి ఒకరు మాట్లాడాలి అనిపించి రాస్తున్నాను, ఎందుకంటే నేను కూడా అదే చేశాను. సిక్స్త్ గ్రేడ్‌లో, లంచ్ టేబుల్ దగ్గర, అమ్మ గొంతుతో.

ముందు ఒకటి. పెద్దవాళ్ళు అపూ గురించి చెప్తున్నారు, కానీ మీ అబ్బాయికి అపూ ఎవరో తెలియకపోవచ్చు. ఇప్పటి పిల్లలకి ఆ యాస ఎక్కువగా వస్తున్నది స్కామ్ కాల్స్ వీడియోల నుంచి. దొంగ కాల్ సెంటర్‌కి ఎవరో ఫోన్ చేసి వాళ్ళని ఏడిపించి రికార్డ్ చేసి పెడతారు, కోట్లమంది చూస్తారు. నిజంగా మోసం చేసేవాళ్ళని పట్టుకోవడం మంచిదే. కానీ కింద కామెంట్లు చదవండి, మోసం గురించి ఉండవు, యాస గురించి, వాసన గురించి ఉంటాయి. మీ అబ్బాయి స్కిట్‌లో ఫోన్ కాల్ ఉంది, కస్టమర్ కేర్ ఉంది, "మై ఫ్రెండ్" ఉంది. అది ఆ వీడియోలలోని మనిషి. కాకపోతే ఆ మనిషికి మీ అబ్బాయి "నాన్న" అని పేరు పెట్టాడు.

ఎందుకు చేశాడు అంటే, నా విషయంలో చెప్తాను. ఎలాగూ ఎవరో ఒకరు చేస్తారు. వాళ్ళు చేస్తే నేను నవ్వులపాలు అవుతాను. నేనే ముందు చేస్తే నేను నవ్వించినదాన్ని అవుతాను. పదకొండేళ్ళకి ఆ లెక్క చాలా బాగా తెలుస్తుంది. అమ్మ మీద ప్రేమ లేక కాదు. మీరు అబ్బాయిని ఎందుకు చేశావు అని అడగడం కన్నా, నీకు ముందు ఎవరు చేశారు అని అడిగి చూడండి.

నేను మానేసింది మాత్రం వేరే కారణంతో. మా ఇల్లు ఓవర్‌లాండ్ పార్క్‌లో. 2017 ఫిబ్రవరి 22న పక్కనే ఓలేతాలో, ఆఫీస్ అయ్యాక ఒక బార్‌లో కూర్చున్న ఇద్దరు తెలుగు ఇంజనీర్ల దగ్గరికి ఒకడు వచ్చి మీ వీసాలు ఏమిటని అడిగాడు, నా దేశం నుంచి పొండి అని అరిచి కాల్చాడు. శ్రీనివాస్ కూచిభొట్ల గారు చనిపోయారు, అలోక్ మాడసాని గారికి గాయాలయ్యాయి. అడ్డుపడిన ఇయాన్ గ్రిలట్ అనే ఆయనకీ తూటా తగిలింది. కాల్చినవాడు తర్వాత ఇరానియన్లని కాల్చానని చెప్పుకున్నాడు. అంటే ఆ ఇద్దరు ఎవరో కూడా వాడికి తెలియదు. మీరు రాశారు చూడండి, ఊరూ పేరూ లేని ఇండియన్ అని, అది చదవగానే నాకు ఇదే గుర్తొచ్చింది.

ఆ తర్వాత వారం రోజులు వాట్సాప్‌లో అందరూ ఒకటే సలహా. బయట తెలుగులో మాట్లాడకండి. నాన్న గ్రోసరీ స్టోర్‌లో నాయనమ్మ ఫోన్ వస్తే ఎత్తడం మానేశారు. కారులోకి వచ్చి తలుపు వేసుకుని అప్పుడు తిరిగి చేసేవారు. నేను వెనక సీట్లో కూర్చుని వినేదాన్ని. నాన్న తెలుగు చాలా అందంగా ఉంటుంది, ఆయనది తణుకు. ఆ గొంతు కారు లోపల మాత్రమే వినబడాలి అంటే నాకు ఏడుపొచ్చింది. అప్పటి నుంచి అమ్మ యాస చేయలేదు. శ్రీనివాస్ గారి భార్య సునయన గారు ఆ రోజుల్లో అందరి ముందూ అడిగారు, మేం ఇక్కడివాళ్ళమేనా అని. మా ఇంట్లో ఆ ప్రశ్న చాలా రోజులు తిరిగింది, ఎవరూ జవాబు చెప్పలేదు.

అంకుల్, నాకు అప్పుడు ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే, అంత పెద్ద విషయం జరిగేదాకా ఆగాల్సిన పని ఉండేది కాదు.

సియాటిల్_కుర్నూలోడు

నవ్వు గురించి అందరూ రాస్తున్నారు కాబట్టి నేనూ ఒకటి రాస్తా. 2023 జనవరి 23న ఇక్కడ సియాటిల్‌లో రోడ్డు దాటుతున్న జాహ్నవి కందులని పోలీస్ కారు గుద్దింది. మా జిల్లా అమ్మాయే, ఆదోని, 23 ఏళ్ళు, మాస్టర్స్ చదువుతోంది. గంటకి 25 మైళ్ళు దాటకూడని రోడ్డు మీద ఆ కారు 74 మైళ్ళ వేగంతో వెళ్ళింది. ఆ సెప్టెంబరులో బాడీ కెమెరా రికార్డింగ్ బయటకొచ్చింది. ఇంకో ఆఫీసర్ ఫోన్‌లో మాట్లాడుతూ నవ్వుతున్నాడు. పదకొండు వేల డాలర్ల చెక్కు రాస్తే సరిపోతుంది, 26 ఏళ్ళది, విలువ అంతంతే అంటాడు. వయసు కూడా తప్పే. అతన్ని 2024 జులైలో ఉద్యోగం నుంచి తీసేశారు.

మీ పిల్లాడి స్కిట్‌కీ దీనికీ పోలిక పెట్టడం లేదన్నా, వాడు పసివాడు. కానీ ఆ నవ్వు విన్న రోజు నుంచి నేను మనవాళ్ళ గురించి ఎవరు నవ్వినా దాని వెనక ఏముందో చూడకుండా ఉండలేకపోతున్నా.

లీడ్స్_శేఖర్

తమ్ముడూ, ఆ రికార్డింగ్ నేనూ విన్నాను, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కానీ దయచేసి ఇవన్నీ ఆ పన్నెండేళ్ళ పిల్లాడికి చెప్పమని మాత్రం ఎవరూ సలహా ఇవ్వకండి. భయం నేర్పితే అది వేరే రకంగా బయటకొస్తుంది, మా పెద్దవాడి విషయంలో నేను అనుభవించాను.

కాన్సస్ అమ్మాయి రాసింది చదివాక నా మాట కొంచెం మార్చుకుంటున్నాను. ఆగమని అన్నాను, ఆగొద్దు. నీకు ముందు ఎవరు చేశారు అని అడగమంది కదా, ఆ ఒక్కటి అడగండి. మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

ఒంగోలు_నాన్న

అందరికీ చాలా థ్యాంక్స్. వరంగల్ చెల్లెమ్మా, మీది చదివాక కాసేపు లేచి బయట తిరిగొచ్చాను. మా కాలేజీలో నల్గొండ కుర్రాడొకడు ఉండేవాడు, మేం వాణ్ణి ఎలా పిలిచేవాళ్ళమో గుర్తొచ్చింది. వాడి నంబర్ కోసం వెతుకుతున్నాను.

శనివారం అబ్బాయిని టెన్నిస్‌కి తీసుకెళ్తూ కారులో మాట్లాడాను. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే వాడు మాట్లాడడు, కారులో అయితే ఇద్దరం రోడ్డు వైపే చూస్తాం కాబట్టి కాస్త తేలిక. స్కిట్ గురించి ఏమీ అనలేదు. ఆ గొంతు నీ దగ్గర ముందు ఎవరు చేశారురా అని అడిగాను.

చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు, ఫిఫ్త్ గ్రేడ్ నుంచి. బస్సులో వెనక సీటు పిల్లలు వీడు ఎక్కగానే ఫోన్ మోగినట్టు శబ్దం చేసి, "హలో మై ఫ్రెండ్, యువర్ కంప్యూటర్ హ్యాస్ వైరస్" అనేవాళ్ళట. రెండేళ్ళు. ఒకసారి డ్రైవర్ కూడా నవ్వాడట. మాకు ఒక్కసారి కూడా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు అంటే, చెప్తే మీరు స్కూల్‌కి వచ్చి మాట్లాడతారు, అప్పుడు వాళ్ళు మీ యాస కూడా వింటారు అన్నాడు.

కారు పక్కకి ఆపాను. నడపలేకపోయాను.

అంటే వాడు స్టేజీ మీద నన్ను చేయలేదు, రెండేళ్ళుగా వాడికి చేసినదాన్ని వాళ్ళకంటే బాగా చేసి చూపించాడు. ఆ బస్సు పిల్లలు కూడా ఆ రోజు హాల్లో ఉన్నారట. వాళ్ళు చప్పట్లు కొట్టారు నాన్నా అన్నాడు. ఆ మాట గర్వంగానే అన్నాడు, కానీ అంటుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నేను నా సంగతి ఒకటి చెప్పాను, ఇంతవరకు వాళ్ళ అమ్మకి కూడా చెప్పనిది. 2009లో వచ్చిన కొత్తలో ఫోన్ ఇంటర్వ్యూలో ఒకాయన నాతో ఒకే వాక్యం మూడుసార్లు చెప్పించుకుని, చివరికి ఇంగ్లీషు వచ్చినవాళ్ళు ఎవరైనా పక్కన ఉంటే ఫోన్ ఇవ్వు అన్నాడు. నేను ఫోన్ పెట్టేసి, అపార్ట్‌మెంట్ మెట్ల మీద కూర్చుని, ఆ వాక్యాన్నే నాకు నేను పాతికసార్లు చెప్పుకున్నాను. ఆ వాక్యం ఏంటి నాన్నా అని అడిగాడు. చెప్పాను. అందులో యమ్‌లూ యన్‌లూ చాలా ఉన్నాయి. వాడు నవ్వలేదు. ఇంకోసారి చెప్పు అన్నాడు, చెప్పాను. నాకు అర్థమవుతోందే, ఆయనకి ఎందుకు కాలేదు అన్నాడు.

మెంఫిస్ అన్నయ్యా, మీ గ్యాస్ స్టేషన్ కథ కూడా చెప్పాను, మీరు ఏమీ అనుకోరని. హరి కొండబోలు డాక్యుమెంటరీ చూద్దామా అంటే వచ్చే వారం చూద్దాం అన్నాడు. ఓలేతా సంగతి, జాహ్నవి సంగతి చెప్పలేదు, శేఖర్ గారు అన్నట్టు దానికి ఇంకా టైమ్ ఉంది. బస్సు విషయం మాత్రం స్కూల్‌కి వెళ్ళి మాట్లాడతాం. నేనే మాట్లాడతాను, మా ఆవిడ ఇంగ్లీషు నాకన్నా బాగుంటుంది, అయినా నేనే మాట్లాడాలని ఉంది. వాడు వద్దనలేదు, నేను కూడా వస్తా అన్నాడు.

రాత్రి వాడు నా గదిలోకి వచ్చి, ఆ వీడియో నానమ్మకి పంపావా అని అడిగాడు. పంపలేదన్నాను. పంపకు, ఇంకోటి చేస్తాను, అది పంపుదువుగాని అన్నాడు. ఇప్పుడు భోజనం దగ్గర నేను మాట్లాడుతుంటే నా నోటి వంకే చూస్తున్నాడు, ఏదో నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాడు. ఏం రాస్తున్నావురా అంటే చూపించడం లేదు.

మంగళవారం నా ప్రజెంటేషన్ ఉంది. నేనే చెప్తానని మేనేజర్‌కి మెయిల్ పెట్టాను.